సైకిలు ధరలో వేగమెంత?

సైకిలుకన్న సులభమైన యంత్రము మరొకటి కనిపించదు. రెండు చక్రాలు, ఒక ఫ్రేము, ఒక గొలుసు, రెండు పెడళ్లు. ఇంతే దాని సంసారము. పాలు పోసేవారు, ఉత్తరాలు పంచేవారు, బడికి పోయే పిల్లలు తరతరాలుగా దీనిని తొక్కుతున్నారు. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ 1885లో తయారుచేసిన రోవరు సైకిలుకు, నేటి సైకిలుకు రూపములో పోలిక సులభముగా గుర్తింపవచ్చును. 1888లో డన్‌లప్ గాలి టైరును కనిపెట్టిన పిమ్మట దాని ప్రయాణము సుఖప్రదమైనది. ఇటువంటి యంత్రానికి ఈనాడు రెండున్నర లక్షల రూపాయల ధర ఉన్నదంటే వినేవారికి వింతగా ఉంటుంది. పది లక్షలు దాటిన సైకిళ్లు కూడా అంగళ్లలో ఉన్నవి.

ఇవి రోడ్డు సైకిళ్లు. వీటి హేండిలు పొట్టేలు కొమ్ముల వలె క్రిందికి వంగి ఉంటుంది. టైర్లు సన్నము. తొక్కేవాడు ముందుకు వంగి కూర్చుంటాడు. పందేల కోసము పుట్టిన ఈ సైకిలును ఈనాడు ఆరోగ్యము కోసము, ఆనందము కోసము తొక్కేవారు మన నగరాలలోను, పట్టణాలలోను చాలామంది ఉన్నారు. వారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కలిగే సందేహము ఒకటే: ఉన్న సైకిలు చాలునా, ఖరీదైన క్రొత్తది కొనవలెనా?

ఒక ఇల్లాలి ప్రశ్న

హైదరాబాదులో ఒక ఉద్యోగి ఉన్నాడనుకొందాము. వయస్సు 34 ఏండ్లు, బరువు 70 కిలోలు. ఎవరో వాడి అమ్మిన అల్యూమినియపు రోడ్డు సైకిలును నాలుగేండ్ల క్రిందట కొన్నాడు. దాని బరువు 10 కిలోలు. ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన, సౌరఫలకాల కప్పుతో 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాటమీద వారానికి మూడు ఉదయాలు తొక్కుతాడు. ఆదివారాలు మిత్రులతో కలిసి వికారాబాదు ప్రక్కనున్న అనంతగిరి కొండలకు పోతాడు. బాటమీద నలుగురితో సమానముగానే పోగలడు. ఎత్తు ఎక్కేటప్పుడు వెనుకబడతాడు. గంట దాటితే అరచేతులు తిమ్మిరెక్కుతాయి. ఇల్లు చేరేసరికి మోకాలు నొప్పి.

ఒక మిత్రుడు కార్బను ఫ్రేము సైకిలు కొన్నాడు. దాని బరువు 8 కిలోలు, ధర రెండున్నర లక్షలు. దానిని ఒంటిచేత్తో ఎత్తి చూచిన క్షణమునుండి ఉద్యోగి మనస్సు నిలువలేదు. రెండేండ్లు నెలనెలా దాచిన సొమ్ము సరిగా అంతే ఉన్నది. ఇంటిలో సంగతి చెప్పగా భార్య వద్దనలేదు. ఒక్క ప్రశ్న వేసింది: “అది కొంటే కొండమీదికి ఎంత ముందుగా చేరుతారండీ?”

అతనికి జవాబు తోచలేదు. అంగడివాడు కూడ చెప్పలేడు. ఈ ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రములో ఉన్నది. ఉన్నత పాఠశాలలో నేర్చిన లెక్కలతోనే దానిని రాబట్టవచ్చును.

మూడు నిరోధాలు

సైకిలు తొక్కేవాడు ముఖ్యముగా మూడు నిరోధాలతో పోరాడతాడు.

మొదటిది దొర్లుడు నిరోధము. టైరు నేలను తాకిన చోట నొక్కుకొని, ముందుకు దొర్లినప్పుడు మరల సాగుతుంది. నొక్కడానికి పట్టిన శక్తి అంతా తిరిగి రాదు. కొంత రబ్బరులో వేడిగా మారిపోతుంది. ఈ నిరోధము బరువును బట్టి పెరుగుతుంది. వేగాన్ని బట్టి అంతగా మారదు.

రెండవది గాలి నిరోధము. ఇది వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగము రెట్టింపైతే నిరోధము నాలుగు రెట్లు అవుతుంది. అంతటి నిరోధాన్ని రెట్టింపు వేగముతో త్రోసుకొని పోవలెను కనుక దానికి కావలసిన సామర్థ్యము ఎనిమిది రెట్లు అవుతుంది.

మూడవది గురుత్వాకర్షణ. ఇది ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే ఎదురవుతుంది. మనిషి, సైకిలు, నీటిసీసా, అన్నిటి బరువునూ పైకి మోయవలెను.

ఇవి గాక గొలుసులోను, బేరింగులలోను కొంత శక్తి పోతుంది. గొలుసు శుభ్రముగా, నూనెతో ఉంటే ఈ నష్టము చాల స్వల్పము. కాబట్టి ఇక్కడి లెక్కలలో దానిని విడిచిపెట్టవచ్చును.

సమతలముపై లెక్క

మన ఉద్యోగి, అతని సైకిలు కలిసి 80 కిలోలు. గాలికి ఎదురు నిలిచే వైశాల్యాన్ని, ఆకారపు ప్రభావముతో కలిపి, 0.35 చదరపు మీటర్లుగా తీసికొందాము. హేండిలు పైభాగాన చేతులుంచి కూర్చున్న మనిషికి ఇది సరిపోయే అంకె. దొర్లుడు నిరోధము మొత్తము బరువులో వేయింట ఐదవ వంతు అనుకొందాము. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది కనుక అక్కడి గాలి ఘనపు మీటరుకు సుమారు 1.1 కిలోలు తూగుతుంది.

ఈ అంకెలతో లెక్కిస్తే గంటకు 28 కిలోమీటర్ల వేగముతో పోవడానికి సుమారు 120 వాట్ల సామర్థ్యము కావలెను. ఇందులో 90 వాట్లు గాలిని చీల్చుకొని పోవడానికే ఖర్చవుతుంది. మిగిలిన 30 వాట్లు దొర్లుడు నిరోధానికి. వేగము సగానికి, అనగా 14 కిలోమీటర్లకు తగ్గితే గాలి పద్దు 11 వాట్లకు, దొర్లుడు పద్దు 15 వాట్లకు దిగుతుంది. మొత్తము 26 వాట్లు చాలును. నెమ్మదిగా తొక్కేవానికి సైకిలు అంత సుఖముగా ఎందుకుంటుందో దీనివలన తెలుస్తుంది.

ఇప్పుడు సైకిలు బరువు 2 కిలోలు తగ్గిందనుకొందాము. గాలికి బరువుతో పని లేదు. దొర్లుడు నిరోధము మాత్రము 80లో 2 వంతులు తగ్గుతుంది. 30 వాట్లలో అది ఒక వాటు కూడ కాదు. 23 కిలోమీటర్ల సైకిలు బాటను ఈ చివరినుండి ఆ చివరికి 120 వాట్లతో తొక్కడానికి 49 నిమిషాలు పడితే, తేలిక సైకిలు మిగిల్చేది సుమారు 8 సెకన్లు. దారిలో ఒకసారి ఆగి చెమట తుడుచుకొంటే ఆ 8 సెకన్లు చెల్లిపోతాయి.

అదే మనిషి అదే పాత సైకిలుమీద మోచేతులు కొంచెము మడిచి, హేండిలు క్రింది వంపును పట్టుకొని వంగితే ఎదురు వైశాల్యము 0.30 చదరపు మీటర్లకు తగ్గవచ్చును. అప్పుడు అదే వేగానికి సుమారు 13 వాట్లు మిగులుతాయి. అదే సామర్థ్యముతో తొక్కితే ఆ బాట సుమారు 2 నిమిషాలు ముందుగా ముగుస్తుంది. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. అయితే వంగి ఉండడానికి నడుము, మెడ సహకరింపవలెను. ఆ సంగతి ముందు వస్తుంది.

ఎత్తు ఎక్కేటప్పటి లెక్క

ఇల్లాలి ప్రశ్న కొండను గురించినది. నూరు మీటర్లకు 6 మీటర్లు లేచే వాలు, అయిదు కిలోమీటర్ల పొడవు అనుకొందాము. మన దేశపు ఘాటు రోడ్లలో ఇటువంటి వాలు అరుదు కాదు. 120 వాట్లతో ఎక్కితే వేగము గంటకు 8.3 కిలోమీటర్లు. పైకి చేరడానికి 36 నిమిషాలు. ఇక్కడ గాలి పద్దు మూడు వాట్లు దాటదు. సామర్థ్యములో పదింట తొమ్మిది వంతులు బరువును పైకెత్తడానికే పోతుంది. అనగా తేలిక సైకిలుకు తన గొప్ప చూపుకొనడానికి ఇంతకన్న మంచి చోటు లేదు.

సైకిలు బరువు 2 కిలోలు తగ్గితే మొత్తము బరువు 80 నుండి 78 కిలోలకు దిగుతుంది. నూటికి రెండున్నర తగ్గుదల. కాలము కూడ రమారమి అంతే తగ్గుతుంది. లెక్క వేస్తే సుమారు 50 సెకన్లు. 36 నిమిషాల ఎక్కుడులో 50 సెకన్లు. ఇదే ఇల్లాలి ప్రశ్నకు జవాబు.

పందెగానికి ఈ 50 సెకన్లు గెలుపునకు, ఓటమికి మధ్యనున్న దూరము కావచ్చును. అందుకే పందెపు సైకిళ్లు నానాటికి తేలికవుతూ వచ్చినవి. ఆ పోటీకి హద్దు ఉండవలెనని అంతర్జాతీయ సైకిలు సమాఖ్య 2000వ సంవత్సరములో పందెపు సైకిలు 6.8 కిలోలకు తక్కువ తూగరాదని నియమము చేసింది. ఆదివారపు స్వారికి పోయేవానికి ఆ సెకన్ల విలువ ఎంతో అతడే నిర్ణయించుకొనవలెను.

విలువ కట్టే దారి ఒకటి ఉన్నది. 10 కిలోల మంచి సైకిలు 80,000 రూపాయలకు, 8 కిలోల సైకిలు 2,50,000 రూపాయలకు దొరుకుతున్నవనుకొందాము. తేడా 1,70,000 రూపాయలు, 2,000 గ్రాములు. గ్రాముకు 85 రూపాయలు. ముప్పాతిక లీటరు నీటిసీసాను కొండ మొదట త్రాగకుండా ఊరికే పైకి మోసికొనిపోయేవాడు ఈ లెక్కన 63,000 రూపాయలకు పైగా విలువచేసే బరువును మోస్తున్నాడన్నమాట! ఎండలో నీరు మానరాదు. గ్రాముల లెక్క ఎంత దూరము పోగలదో చూపడానికే ఈ ఉదాహరణ.

చక్రాల బరువును గురించి ఒక మాట తరచు వినిపిస్తుంది. చక్రములో తగ్గిన కిలో, ఫ్రేములో తగ్గిన రెండు కిలోలతో సమానమట. ఇందులో సత్యము కొంత. రిమ్ము ముందుకు పోతూ తిరుగుతుంది కూడ కనుక వేగము పుంజుకొనేటప్పుడు దాని జడత్వము రమారమి రెండింతలుగా లెక్కకు వస్తుంది. వేగము స్థిరపడిన తరువాత ఆ తేడా ఉండదు. రెండు రిమ్ములలో కలిపి అర కిలో తగ్గితే, నిలుచున్న చోటునుండి 28 కిలోమీటర్ల వేగానికి రావడములో మిగిలే శక్తి సుమారు 30 జౌళ్లు. 120 వాట్లతో తొక్కే కాలికి అది పావు సెకను పని.

గాలికి ఎదురు నిలిచేది మనిషి

సమతలముమీద సైకిలుకు పెద్ద శత్రువు గాలి. ఆ గాలికి ఎదురు నిలిచే వైశాల్యములో చాల ఎక్కువ భాగము మనిషి దేహానిదే. కూర్చునే తీరు ఎంత పని చేస్తుందో చూపే ఒక ప్రసిద్ధమైన నిదర్శనము ఉన్నది.

ఒక గంటలో ఎంత దూరము తొక్కగలరన్నది సైకిలు క్రీడలో పాత పోటీ. 1972లో బెల్జియము దేశస్థుడు ఎడీ మెర్క్స్ మెక్సికో నగరములో 49.431 కిలోమీటర్లు తొక్కినాడు. అది ఎత్తైన నగరము. గాలి పలుచన. 1996లో ఇంగ్లండు దేశస్థుడు క్రిస్ బోర్డ్‌మన్ మాంచెస్టరులో చేతులను తిన్నగా ముందుకు చాచి, ప్రత్యేకమైన సైకిలుమీద 56.375 కిలోమీటర్లు తొక్కినాడు. తరువాత సమాఖ్య ఆ భంగిమను అనుమతింపక, మెర్క్స్ కాలపు సైకిలును పోలిన సైకిలుతోనే ఈ పోటీ జరగవలెనన్నది. 2000వ సంవత్సరములో అదే బోర్డ్‌మన్ అదే మాంచెస్టరులో మామూలు వంపు హేండిలు సైకిలుమీద తొక్కినది 49.441 కిలోమీటర్లు. మెర్క్స్ కంటె 10 మీటర్లు మాత్రమే ఎక్కువ. నాలుగేండ్లలో మనిషి బలము కొంత మారి ఉండవచ్చును. అయినను దాదాపు 7 కిలోమీటర్ల తేడాలో అధికభాగము గాలితో చేసికొన్న ఒప్పందమే.

టైరు అనే చవక సాధనము

సైకిలుకు, నేలకు మధ్య ఉన్నది టైరు ఒక్కటే. మామూలు టైరు తీసి, మెత్తని పోగులతో నేసిన మంచి టైరు వేస్తే దొర్లుడు నిరోధము వేయింట ఐదు వంతులనుండి నాలుగు వంతులకు తగ్గవచ్చును. మన లెక్కలో అది 6 వాట్లు. ఒక జత మంచి టైర్ల ధర కొద్ది వేల రూపాయలు.

సన్నని టైరులో గట్టిగా గాలి కొడితే వేగము వస్తుందన్న నమ్మకము చాలకాలము ఉండేది. 23 మిల్లీమీటర్ల టైరు ఒకప్పుడు రోడ్డు సైకిలుకు మామూలు. నున్నని ఉక్కు పీపామీద పరీక్షిస్తే గట్టి టైరే మెరుగుగా కనిపిస్తుంది. నిజమైన రోడ్డు పీపావలె నున్నగా ఉండదు. గరుకుమీద గట్టి టైరు సైకిలును, మనిషిని కలిపి కుదిపివేస్తుంది. ఆ కుదుపులో పోయే శక్తి కాలు ఇచ్చినదే. అందుచేత ఈనాడు పందేలలో సైతము 28 మిల్లీమీటర్లు, అంతకు మించిన వెడల్పుగల టైర్లు, తక్కువ గాలితో వాడుతున్నారు. గతుకులు, అతుకులు ఉన్న మన రోడ్లకు ఈ మార్పు మరింత మేలు. అరచేతుల తిమ్మిరికి కూడ ఇది కొంత ఉపశమనము.

గేరు, మోకాలు

మన ఉద్యోగి ఎత్తు ఎక్కేటప్పుడు వెనుకబడడానికి బరువే కారణమా? గేర్లను కూడ చూడవలెను. అతని సైకిలుకు ముందు చిన్న పళ్లచక్రములో 34 పళ్లు, వెనుక పెద్దదానిలో 28 పళ్లు. చక్రము చుట్టుకొలత 2.1 మీటర్లు. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు 2.55 మీటర్లు పోతుంది. గంటకు 8.3 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 54 చుట్లు తిప్పవలెను. సమతలముమీద హాయిగా 80, 90 చుట్లు తిప్పే కాలికి ఇది బరువైన పని. వాలు నూటికి 10కి పెరిగితే అదే సామర్థ్యముతో చుట్లు 34కు పడిపోతాయి. అప్పుడు ప్రతి తొక్కులోను కాలు పెడలును బలముగా అదమవలసి వస్తుంది. ఆ ఒత్తిడి మోకాలిమీద పడుతుంది.

వెనుక 34 పళ్ల చక్రము వేస్తే 6 శాతము వాలులో నిమిషానికి 66 చుట్లు తిరుగుతాయి. సామర్థ్యము అదే. పాదము ఇవ్వవలసిన బలము మాత్రము దాదాపు ఐదవ వంతు తగ్గుతుంది. దీనికయ్యే ఖర్చు కూడ వేలలోనే. వెనుక గేరు మార్చే డెరైలరు అంత పెద్ద పళ్లచక్రాన్ని అందుకొనగలదో లేదో ముందుగా మెకానిక్కును అడుగవలెను.

మార్చలేనిది ఏది?

సైకిలులో టైర్లు, పళ్లచక్రాలు, సీటు, హేండిలు అన్నీ తరువాత మార్చుకొనవచ్చును. మార్చలేనివి కొన్ని ఉన్నవి. ఫ్రేము కొలత, దానిలో పట్టే టైరు వెడల్పు, బ్రేకు జాతి. కొనేటప్పుడు వీటినే ఎక్కువ పరిశీలింపవలెను. చిత్రమేమంటే అంగడిలో కొనేవాని కన్ను వీటిమీద తక్కువ నిలుస్తుంది. రంగుమీద, బరువుమీద ఎక్కువ నిలుస్తుంది.

ఫ్రేము కొలత చొక్కా కొలత వంటిది. 54, 56 అని వ్రాసిన అంకెలు కంపెనీని బట్టి మారుతాయి. రెండు కొలతలు నమ్మదగినవి. పెడళ్ల ఇరుసునుండి హేండిలు గొట్టపు పైఅంచు ఎంత ఎత్తున ఉన్నది, ఎంత ముందుకు ఉన్నది అన్నవి. మొదటిదానిని స్టాక్ అని, రెండవదానిని రీచ్ అని అంటారు. రీచ్ ఎక్కువైతే తొక్కేవాడు హేండిలును అందుకొనడానికి సాగిలపడతాడు. దేహపు బరువు అరచేతులమీదికి పోతుంది. నరాలు నొక్కుకొని తిమ్మిరెక్కుతాయి. వంగి తొక్కితే మిగిలే 13 వాట్లు అటువంటివానికి అందవు. పది నిమిషాలు కూడ అతడు అలా ఉండలేడు.

సీటు ఎత్తుకు ఒక సులభమైన పరీక్ష ఉన్నది. సీటుమీద కూర్చుని మడమను పెడలుమీద ఉంచవలెను. పెడలు అడుగున ఉన్నప్పుడు కాలు తిన్నగా చాగవలెను. తరువాత పాదపు ముందు భాగాన్ని పెడలుమీదికి తెస్తే మోకాలు కొంచెము వంగుతుంది. ఆ వంపు 25 నుండి 35 డిగ్రీల మధ్య ఉండడము మంచిది. సీటు మరీ తగ్గితే మోకాలి ముందుభాగము నొస్తుంది. మరీ లేస్తే తొడ వెనుక కండరాలు లాగుతాయి. ఇవి ఆరంభపు కొలతలు. అందరి దేహము ఒకటి కాదు. నొప్పి విడువకపోతే వైద్యుని చూడవలెను.

ఉక్కు, అల్యూమినియము, కార్బను

ఫ్రేము ఏ పదార్థముతో చేసినదన్నది ధరను ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఉక్కు నీటికంటె 7.8 రెట్లు, టైటానియము 4.5 రెట్లు, అల్యూమినియము 2.7 రెట్లు, కార్బను పోగుల మిశ్రమము సుమారు 1.6 రెట్లు బరువు. అల్యూమినియము బరువు ఉక్కులో మూడవ వంతు. దాని బిగువు కూడ మూడవ వంతే. అందుకే అల్యూమినియపు గొట్టాలను లావుగా చేస్తారు. కార్బనులో పోగులను ఏ దిక్కున బలము కావలెనో ఆ దిక్కునకే పేర్చవచ్చును. అది దాని గొప్పతనము. పెడలు త్రొక్కే చోట బిగువుగాను, సీటు క్రింద కొంచెము సాగేటట్లుగాను చేయగలరు.

ప్రతి పదార్థానికి దాని లోపము ఉన్నది. ఉక్కు తుప్పు పడుతుంది. విరిగితే అనుభవముగల పనివాడు అతుకు వేయగలడు. అల్యూమినియము ఏండ్ల తరబడి కుదుపులు తిని అలసిపోతుంది. కార్బను ఫ్రేముకు గట్టి దెబ్బ తగిలితే పైకి కనిపించకుండ లోపల పొరలు విడిపోవచ్చును. దానిని పరీక్షించి బాగుచేయగలవారు ప్రతి ఊరిలో ఉండరు. బస్సు పైకప్పుమీద, రైలులో సైకిలును వేసికొని పోయేవారు ఈ సంగతి ఆలోచింపవలెను.

బ్రేకుల సంగతి కూడ ఇటువంటిదే. బిళ్ల బ్రేకులు వానలో నమ్మకముగా పనిచేస్తాయి. వెడల్పైన టైర్లకు చోటునిస్తాయి. నూనెతో పనిచేసే బిళ్ల బ్రేకులకు అప్పుడప్పుడు గాలి తీసి, నూనె మార్చగల మెకానిక్కు కావలెను. బ్యాటరీతో గేర్లు మార్చే ఏర్పాటు వ్రేళ్లకు సుఖము. సైకిలు వేగము దానివలన పెరగదు. గొలుసు ఎంత మంచిదైనా అరిగి సాగుతుంది. నూటికి ముప్పాతిక వంతు సాగేసరికి దానిని మార్చకపోతే పళ్లచక్రాలను కూడ అరగదీస్తుంది. ఖరీదైన సైకిలుకు ఈ భాగాలు కూడ ఖరీదే. చాల రోడ్డు సైకిళ్లకు పెడళ్లు కూడ విడిగా కొనవలసి ఉంటుంది. శిరస్త్రాణము, దీపాలు, పంపు లెక్కలో చేరవలెను.

ఇంటివద్ద చేయదగిన రెండు ప్రయోగాలు

సొమ్ము చెల్లించేముందు తన కాళ్ల సామర్థ్యమెంతో ఎవరైనా కొలుచుకొనవచ్చును. వాహనాలు తక్కువగా తిరిగే ఒక ఎత్తు రోడ్డు కావలెను. అది ఎన్ని మీటర్లు లేచినదో పటమునుండి తెలిసికొనవలెను. మనిషి, సైకిలు కలిసిన బరువు 80 కిలోలు, ఎత్తు 60 మీటర్లు అయితే చేసిన పని 80 × 9.8 × 60 = 47,040 జౌళ్లు. ఎక్కడానికి 7 నిమిషాల 13 సెకన్లు, అనగా 433 సెకన్లు పట్టిందనుకొంటే భాగహారముతో సుమారు 109 వాట్లు వస్తాయి. దొర్లుడుకు, గాలికి అందులో పదవ వంతు కలిపితే 120 వాట్లు. వాలు బాగా నిటారుగా ఉన్నప్పుడే ఈ పద్ధతి సరిగా పనిచేస్తుంది.

రెండవ ప్రయోగము ఇంకను సులభము. రెండు లీటర్ల నీరు రెండు కిలోలు తూగుతుంది. ఆ నీటిని సీసాలలో నింపి సైకిలుకు గట్టిగా కట్టి ఒకనాడు, అవి లేకుండ మరొకనాడు, అదే ఎత్తును ఎక్కి కాలము చూడవలెను. ఇలా నాలుగైదు పర్యాయాలు చేయవలెను. రెండున్నర లక్షల సైకిలు ఇచ్చే తేలికతనము ఎంతో, సీసాలు విప్పిననాడు తెలుస్తుంది. దీని ఖర్చు రెండు లీటర్ల నీరు.

ఉద్యోగి చేసిన నిర్ణయము

మన ఉద్యోగి ఈ రెండు ప్రయోగాలు చేశాడు. సీసాలు ఉన్న రోజులకు, లేని రోజులకు తేడా కొన్ని సెకన్లు. రాత్రి నిద్ర చాలని మరునాటికి, చాలిన మరునాటికి మధ్య తేడా అంతకన్న ఎక్కువ. పిమ్మట సైకిలును పేటలోని పాత మెకానిక్కు దగ్గరకు తీసికొనిపోయాడు. ముప్పై ఏండ్లుగా సైకిళ్లు విప్పి బిగిస్తున్న ఆ పెద్దమనిషి అతనిని సీటుమీద కూర్చోబెట్టి, మోచేతులు చూచి, “సార్, బరువు సంగతి తర్వాత చూద్దాం. ఈ బండి మీకు పెద్దగయింది” అన్నాడు.

నిజమే. ఎవరో పొడవైన మనిషి వాడిన 58 కొలత సైకిలు అది. అతనికి కావలసినది 54. వెనుక 34 పళ్ల చక్రము, 28 మిల్లీమీటర్ల టైర్లు వేసిన నెలకు మోకాలి నొప్పి తగ్గింది. హేండిలును పట్టే కాడను పొట్టిది వేసినా తిమ్మిరి పూర్తిగా పోలేదు. మార్చలేనిది ఫ్రేము కదా! అంటే అతనికి క్రొత్త సైకిలు అవసరమే. ఆ అవసరానికి కారణము రెండు కిలోలలో లేదు. నాలుగు సెంటీమీటర్లలో ఉన్నది.

మూడు నెలలు ఆగి, మూడు అంగళ్లలో కూర్చుని చూచి, ఒక మిత్రుని 54 కొలత సైకిలును రెండు ఆదివారాలు అడిగి తొక్కి, చివరకు అతడు కొన్నది 9.5 కిలోల అల్యూమినియపు సైకిలు. దాచిన సొమ్ములో రెండు వంతులు మిగిలింది. కొండమీదికి మిత్రులకంటె ఇప్పటికీ ఒకటి రెండు నిమిషాలు వెనుకగానే చేరుతున్నాడు. అయితే ఇంటికి చేరిన సాయంత్రము మోకాలు పట్టుకొని కూర్చోవడము లేదు.

అందరి లెక్క ఇలాగే తేలవలెనని లేదు. పందేలలో పాల్గొనేవారు, కొలత సరిపోయి, కాళ్లు గట్టిపడి, సొమ్ముకు కొరత లేనివారు తేలికైన కార్బను సైకిలు కొనవచ్చును. చక్కని యంత్రాన్ని చూచి ఆనందించడము కూడ తప్పు కాదు. ఆ ఆనందానికి ఎంత ఇస్తున్నారో, వేగానికి ఎంత ఇస్తున్నారో విడివిడిగా తెలిసి ఉండవలెను. తూనిక, గడియారము, కాగితము, పెన్సిలు చాలును. వాటితో ఒక ఆదివారము కూర్చుంటే, అంగడిలో దీపాల వెలుగులో కనిపించని సంగతులు కనిపిస్తాయి.